నోరాకు కనిపించని చంద్రుడి కోసం డన్‌మాన్‌వే దాకా

నేను ఐర్లండ్‌లోని వాటర్‌ఫోర్డ్‌లో, పెద్దవాళ్లు ఉండే ఒక నర్సింగ్ హోంలో నర్సుని. మా దగ్గరుండే ఒక పెద్దావిడను ఇక్కడ నోరా అంటాను, అసలు పేరు అది కాదు. ఆవిడకు మతిమరుపు జబ్బు. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి రోజూ ఒకటే మాట: "మనుషులు చంద్రుడి మీద దిగినప్పుడు నేను మా ఊరి హాల్లోనే ఉన్నాను. నాకు మాత్రం చూపించలేదు." అలా అని ఏడ్చేది. ఎవరు చూపించలేదని అడిగితే చెప్పలేకపోయేది. నాతో పనిచేసే మెర్సీ అక్క, "జబ్బు మాటలే సుజీ అవి. ఊ కొట్టి టీ ఇచ్చెయ్యి," అనేది. కానీ ఆ ఏడుపు కల్పించుకున్నదాని గురించి కాదని నాకు అనిపించేది.

నోరాది వెస్ట్ కార్క్‌లోని డన్‌మాన్‌వే. ఇద్దరు చంద్రుడి మీద నడుస్తుంటే పైన నౌకలో ఒంటరిగా తిరిగిన మూడో వ్యోమగామి తాతగారు ఆ ఊరి నుంచే అమెరికా వలస వెళ్లారట. జూలైలో ఒక శనివారం ఊరివాళ్లు ఆ యాత్రను తలుచుకుంటూ హాల్లో ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. నోరా మేనకోడలిని అడిగి నోరా చిన్నప్పటి ఫోటో ఒకటి ఫోన్లోకి తీసుకుని, పన్నెండేళ్ల మా జెస్సీతో బయల్దేరాను.

పొద్దున ఏడింటికి వాటర్‌ఫోర్డ్‌లో బస్సెక్కితే కార్క్ చేరేసరికి తొమ్మిదింపావు దాటింది. అక్కడ మారి, బాండన్ మీదుగా వెళ్లే ఇంకో బస్సు పట్టుకోవాలి. గంటంపావు ప్రయాణం. ఇద్దరికీ రానూపోనూ యాభై యూరోల లోపే అయింది. డ్రైవర్ మా టికెట్లు చూసి, "మూన్ కోసమేనా? గ్రాండ్, చాలా బాగుంది, ఎక్కండి. ఆ వ్యోమగామి మాకు అమ్మ తరఫు చుట్టం," అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. ఊళ్లో దిగాక ఆశ్చర్యం పోయి అయోమయం మిగిలింది. బేకరీలో అమ్మాయి కూడా చుట్టమేనంది. తాతగారి ఇల్లు ఏదని అడిగితే ఒకాయన వంతెన వైపు చూపించాడు, ఇంకొకావిడ సరిగ్గా దానికి ఎదురు దిక్కు చూపించింది. రెండు వైపులా నడిచి కాళ్లు నొప్పులు పుట్టాయి. "మమ్, డస్ ఎనీవన్ యాక్చువల్లీ నో?" అంది జెస్సీ. "నాకేం తెలుసమ్మా, నేనూ నీలాగే తిరుగుతున్నాగా," అన్నాను.

పన్నెండింటికి హాలు తెరిచారు. గోడల నిండా పాత పేపర్లు, బడిపిల్లలు గీసిన రాకెట్లు. ఒక మూల ఉల్లికాడల్లాంటి లీక్‌తో చేసిన సూపు, బ్రౌన్ బ్రెడ్. సూపు వడ్డించే ఆవిడకు ఫోటో చూపిస్తే, "ఆ రోజు ఈ హాల్లో టీవీయే లేదే, అందరూ ఫాదర్ గారింట్లో చూశారు," అంది. అంత దూరం వచ్చింది ఇది వినడానికా? పక్క బల్ల దగ్గరి పెద్దాయన, "టీవీ ఉంది. దాన్ని పాడు చేసింది ఈ పిల్లే," అన్నాడు. ఎవరిని నమ్మాలో తెలియలేదు.

మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయాక డెనిస్ అనే ముసలాయన ఫోటో అడిగి తీసుకున్నాడు.

"పాడు చేయలేదు. టీవీ ఏరియల్ పట్టుకుంది," అన్నాడు. "బొమ్మ నిలవడం లేదు. నోరా బయట కిటికీ దగ్గర కుర్చీ ఎక్కి తీగ పైకెత్తి పట్టుకుంటే నిలిచింది. చెయ్యి దించితే పోయేది. కదలొద్దని అందరం కేకలేశాం."

"మధ్యలో ఆవిడ బదులు పట్టుకోవడానికి ఎవరూ వెళ్లలేదా?" అన్నాను.

"ఎవరూ లేవలేదమ్మా. అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. నేనూ అరిచినవాణ్ణే."

నోరాకు ఏమైనా చెబుతారా అని ఫోన్ తీశాను. కెమెరా వైపు కాకుండా తన చేతుల వైపు చూస్తూ, "నోరా, ఆ రోజు నేను లేచి రావాల్సింది," అన్నాడు. అంతే.

సోమవారం డ్యూటీలో నోరాకు ఆ వీడియో చూపించాను. ఆయన్ని గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. తర్వాత చంద్రుడి మీద దిగిన దృశ్యాలు పెట్టాను. కళ్లార్పకుండా చూసింది. ఉన్నట్టుండి కంగారుగా నా చెయ్యి పట్టుకుని, "మరి బయట ఎవరు పట్టుకున్నారు?" అంది.

"ఎవరూ పట్టుకోనక్కర్లేదు నోరా. నువ్వు కూర్చో," అన్నాను. చివరిదాకా కూర్చుని చూసింది.

మర్నాడు మళ్లీ నాకు చూపించలేదని ఏడ్చింది. నేను మళ్లీ ఫోన్ తీసి పక్కన కూర్చున్నాను. ఈ ప్రయాణం వల్ల ఏం ఒరిగిందని మెర్సీ అక్క అడిగింది. ఆ తాతగారి ఇల్లు ఏదో ఇప్పటికీ తెలియదు. కానీ నోరా ఏడ్చినప్పుడు ఇప్పుడు ఊ కొట్టను. "అవును, నీకు చూపించలేదు," అంటాను. ఆ మాటకే ఆవిడ ముఖం కొంచెం తేటపడుతుంది.

మీరు డన్‌మాన్‌వే వెళ్తే ఒక్క మాట: తిరుగు బస్సులు తక్కువ, టైము ముందే చూసుకోండి. సాయంత్రం బస్సుకే రండి, మధ్యాహ్నం బస్సుకు తొందరపడకండి. నేను దానికే వచ్చేసి ఉంటే డెనిస్ నోరు విప్పేవాడు కాదు.