అత్తమ్మ, నేను, కల్వకుర్తి స్పీకర్లు

మోకాలి నొప్పితో మా అత్తమ్మ గద్వాల నుంచి వనపర్తికి, మా ఇంటికి వచ్చేనాటికి మా పెళ్లయి చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆమె నాతో నేరుగా మాట్లాడింది చాలా తక్కువ. కోపమేం లేదు, అది ఆమె మర్యాద. అల్లుడి ఎదుట కుర్చీలో కూర్చోదు. నేను తింటుంటే ఆ గదిలోకి రాదు. నేను పక్కనే ఉన్నా, నన్ను అడగాల్సింది కూతుర్ని అడుగుతుంది.

"అల్లుడు చాయ్ తాగుతడేమో అడుగు బిడ్డా."

నా భార్య నా వైపు తిరిగి, "ఇన్నరు గద, ఏమంటరు?" అనేది.

గద్వాలలో ఆమె ఉండే బావమరిది ఇంట్లో మెట్లు ఎక్కక తప్పదు. డాక్టరేమో మెట్లు ఎక్కొద్దన్నాడు. అందుకని ఆ వానాకాలమంతా ఆమె మా దగ్గరే ఉంది.

నేను సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. డ్యూటీ లేనప్పుడు పాత స్పీకర్లు బాగుచేసుకుంటాను. అది నాకు పిచ్చి అంటుంది నా భార్య. ఆ రోజుల్లోనే కల్వకుర్తి నుంచి ఒక జత వచ్చింది. అక్కడి బట్టల వ్యాపారి ఒకాయన పోయాక, కొడుకు పాత ఇల్లు విప్పిస్తూ నాకు ఫోన్ చేశాడు. "పాత సామాను బండికి ఏసుడు మనసొప్పుతలేదన్నా, నువ్వు తీస్కపో" అన్నాడు. నా నడుమెత్తు టేకు పెట్టెలు. వాటిని ఆటోలో పడుకోబెట్టి, దారిపొడవునా చేత్తో పట్టుకుని తెచ్చాను.

చెక్క గట్టిగానే ఉంది. చెడింది లోపల. స్పీకర్ మధ్యలో గిన్నెలాంటి కాగితం ఉంటుంది. పాట పలికేటప్పుడు ముందుకూ వెనక్కీ ఊగేది అదే. దాని చుట్టూ మెత్తటి ఫోమ్ చక్రం అతికి ఉంటుంది. ఇన్నేళ్లకు ఆ ఫోమ్ జిగట పొడిగా మారిపోయింది. దూదిని స్పిరిట్‌లో ముంచి, కాగితం చినగకుండా ఆ జిగటనంతా కొద్దికొద్దిగా తీయాలి. అప్పుడే కొత్త చక్రం అతుకుతుంది. మొదటి స్పీకర్ శుభ్రం చేస్తూ నేనే కాగితం అంచు చింపాను. పల్చటి కాగితం ముక్క అతికి, ఆరబెట్టి, రెండోదాన్ని సగంలో వదిలేసి డ్యూటీకి వెళ్లాను.

సాయంత్రం వచ్చి చూస్తే ఆ సగం పెద్దదై ఉంది. నేను తీసినదానికంటే నున్నగా, కాగితం మీద ఒక్క గీత లేకుండా జిగట పోయింది. నా భార్య అంగన్‌వాడీలో పనిచేస్తుంది, పగలు ఇంట్లో ఉండదు. ఉన్నది అత్తమ్మ ఒక్కతే. పెళ్లయిన నాటినుంచి మగ్గం దగ్గర తెగిన పట్టుపోగులు అతికిన మనిషి ఆమె.

"అడుగుదామా?" అన్నాను భార్యతో.

"అడిగితే మల్ల ముట్టదు. ఊకోండ్రి" అంది.

ఊరుకున్నాను. మర్నాడు స్పిరిట్ సీసా ఆమెకు అందేచోట పెట్టి, దూది ఎక్కువగా తుంచిపెట్టి వెళ్లాను. సాయంత్రానికి మరికొంత పని అయింది. కొన్నాళ్లు అట్లాగే నడిచింది. నేనున్నప్పుడు నేను, నేను లేనప్పుడు ఆమె. మాట మాత్రం లేదు. డ్యూటీలో ఉన్నా ఇంటికెళ్లి చూడాలనిపించేది.

ఒకరోజు వచ్చేసరికి స్పీకర్ మీద తువ్వాల కప్పి ఉంది. అత్తమ్మ వంటింట్లో గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం అన్నం తినలేదట. తువ్వాల తీసి చూశాను. కాగితం అంచున గోరంత చినుగు.

"కొన్నరో, ఎవరన్న ఇచ్చిండ్రో తెల్వదు. పాడుజేస్తి" అంటోంది కూతురితో.

నేను మొదటి స్పీకర్‌ను ఎత్తుకుని వంటింట్లోకే వెళ్లాను. ఆమె గబుక్కున లేచి కొంగు సవరించుకుంది.

"అత్తమ్మా, గిది చూడుండ్రి. గిది నేను చింపిన. మీదానికన్న పెద్దగ చినిగింది. కాయితం అతికిన, అంతే. మీదాన్ని గూడ గట్లనే అతుకుదాం."

ఆమె నా ముఖం చూడలేదు. స్పీకర్ వైపే చూసింది. నేను వేసిన అతుకు మీద వేలు పెట్టి, మెల్లగా అటూ ఇటూ జరిపింది.

"జిగురు ఎక్కువైంది" అంది.

అది నాతోనే అంది. మధ్యలో కూతురు లేదు. నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా చెమర్చాయి. ఆ రాత్రి ఆమె అన్నం తిన్నది. మర్నాడు తన చేతిలో చినిగినదాన్ని తనే అతికింది. నేను పక్కన నిలబడి చూశాను.

కొత్త చక్రం అతికే పని ఒక్కరివల్ల కాదు. కాగితపు గిన్నె వెనక తీగచుట్ట ఒకటి ఉంటుంది. అది అయస్కాంతం నడిమి సందులో ఎక్కడా తగలకుండా నిలవాలి. అందుకు చుట్టూ పల్చటి ముక్కలు దూర్చి, జిగురు ఆరేదాకా ఉంచాలి. నా దగ్గరున్న ముక్కలు మందమయ్యాయి.

"పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే బాగుండు" అన్నాను నాలో నేను.

అత్తమ్మ లోపలికి వెళ్లి దవాఖాన కవర్ తెచ్చింది. "నా మోకాలు పనికొస్తదా?"

ముగ్గురం నవ్వాం. డాక్టరు మళ్లీ అడిగితే చూపించాలి కదా అని, ఆ ఫిల్ము అంచులు మాత్రమే కత్తిరించాం. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చుని, చక్రాన్ని వేళ్లతో చుట్టూ అదిమి పట్టుకుంది. నేను జిగురు రాశాను. కుర్చీలో కూర్చున్న సంగతి ఆమెకు తట్టలేదు. మేం గుర్తు చేయలేదు.

జిగురు ఆరాక ముక్కలు తీసి, గిన్నెను మెల్లగా లోపలికి నొక్కాను. బాగుందనుకున్నాను.

"ఆపుండ్రి. ఒకదిక్కు గీసుకుంటుంది" అంది అత్తమ్మ.

చెవి దగ్గరపెట్టి మళ్లీ నొక్కితే వినిపించింది, బట్ట మీద గోరు రాసినట్టు సన్నటి చప్పుడు. ఊడదీసి మళ్లీ అతికాం. ముందువైపు గుడ్డకు గద్వాల చీర ముక్క వేస్తే అందంగా ఉంటుందన్నాను. "చీర కట్టనీకి. డబ్బాకు పల్చటి నూలుగుడ్డ చాలు" అని కొట్టిపారేసింది.

స్పీకర్లు పలికిన రోజు, ఏం పాట పెట్టమంటారని అడిగాను. "కన్నడ పదాలు ఉంటయా?" అంది. ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కని తెలుసుగానీ, ఆ భాష ఇంకా ఆమె మనసులో ఉందని నాకు తెలియదు. ఫోన్‌లో వెతికి కన్నడ తత్వాల పాటలు పెట్టాను. ఆమె పెదాలు కదిలాయి. ఒకచోట గొంతు కలిపి, నేను చూస్తున్నానని ఆపేసింది. నేను తల తిప్పుకుని స్క్రూలు ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి మళ్లీ అందుకుంది. నా భార్య పొయ్యి ఆర్పేసి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. వాళ్లమ్మ పాడగా వినడం ఆమెకదే మొదటిసారి.

వానలు తగ్గాక బావమరిది వచ్చి ఆమెను తీసుకెళ్లాడు.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. అత్తమ్మ. కూతురికివ్వమంటుందేమోనని లేవబోయాను.

"బిడ్డకు కాదు, మీకే చేసిన" అంది. "మా పక్కింటోల్ల రేడియో గురగురమంటుంటే తెమ్మన్న. తెరిసిన. ఇప్పుడు ఏం జేయాలె?"

"ముందుగాల కరెంటు వైరు పీకిండ్రా అత్తమ్మా?"

"పీకినగాని, లోపల అంత దుమ్ముంది. దూదితోని తుడవాల్నా, ఊదాల్నా?"

వెనక నుంచి బావమరిది "ఎవరితోని మాట్లాడుతున్నవే అమ్మా?" అంటున్నాడు.

"అల్లునితోని. నువ్వు జర ఊకో" అంది.