వరండాలోని పొట్టి కొళాయిలు

ఆ గురువారం సాయంత్రం కరుణమ్మ వరండాలోని పొట్టి కొళాయి దగ్గర వంగి టీ కప్పులన్నీ కడిగింది. గట్టు మీద బోర్లించి, ఏప్రన్‌ను నడుమెత్తు కొక్కేనికి తగిలించి, బస్సెక్కి అల్ సద్‌లోని గదికి వెళ్ళిపోయింది. ఆ కట్టడంలో ఆమె మామూలుగా చేసిన ఆఖరి పని అదే. శనివారం ప్లంబర్లు వచ్చి కొళాయిలన్నీ పీకేశారు.

అది దోహాలో ఒక పాత బడి. బడి వేరేచోటికి తరలిపోయాక దాన్ని మునిసిపాలిటీ ఆఫీసులుగా మార్చారు. తరగతి గదుల్లో గుమాస్తాల బల్లలు, హెడ్మాస్టర్ గదిలో లైసెన్సుల కౌంటర్ వెలిశాయి. కట్టడం మాత్రం పిల్లల కొలతలోనే ఉండిపోయింది. మధ్యలో ఖాళీ ఆవరణ, చుట్టూ కమానుల వరండా, పిల్లల చూపు బయటికి పోకుండా బాగా ఎత్తున కిటికీలు, పుస్తకాల సంచుల కోసం గోడ పొడవునా కొక్కేలు, మోకాళ్ళకు కాస్త పైన కొళాయిల వరస.

"మా నర్సాపురం దొరల బడి అచ్చం ఇలాగే ఉండేది" అనేది కరుణమ్మ. బడి ఉన్న రోజుల్లో ఆమె అక్కడ ఆయా. ఆఫీసయ్యాక టీ కాసే మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్ళో ఆమె కోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. ఆమెకున్న మనుషులంతా ఆ వరండాలోనే ఉన్నారు.

చెల్లెలి కొడుకు జడ్సన్‌ను ఖతార్‌కు రప్పించింది ఆమే. అతను డ్రాయింగులు గీసే పనిలో కుదిరాడు. ఆ ఆఫీసు మరమ్మతులు అతని కంపెనీకే వచ్చాయి. అరిగిన మోకాళ్ళతో దొడ్డమ్మ వంగి కప్పులు కడుగుతుంటే చూడలేక, వరండా చివర ఆమెకు టీ కాసుకోవడానికో ప్యాంట్రీ గీశాడు. నిలబడి కడుక్కునే సింకు, పైన గోడ అలమరలు, తలెత్తున కొక్కేలు.

"ఆ పొట్టివి ఉంచెయ్యరా" అంది కరుణమ్మ, డ్రాయింగు చూసి.

"మోకాళ్ళు పోయాయని నువ్వే కదా గోల పెడతావు."

"పోతే నా మోకాళ్ళే కదా పోయేది."

"ఇంకా ఆయాననే అనుకుంటున్నావా దొడ్డమ్మా? ఇక్కడ ముక్కు తుడవడానికి పిల్లలెవరూ లేరు."

"నువ్వున్నావుగా" అంది. నవ్వలేదు.

పాత బడిని వదులుకోలేక బాధపడుతోందనుకున్నాడు జడ్సన్.

ప్యాంట్రీ తెరిచిన వారంలోనే అలమరలోంచి దించబోతూ రెండుసార్లు కప్పులు పగలగొట్టింది. సూపర్వైజర్ నిసార్ అహ్మద్ తిట్టే మనిషి కాదు. "ఫిర్ సే, అమ్మా?" అని, మళ్ళీనా అన్నట్టు ముక్కల వైపు చూసి వెళ్ళిపోయేవాడు. ఆ చూపుకే ఆమె హడలిపోయేది. కప్పులన్నీ నేల మీద అట్టపెట్టెలో సర్దుకుంది. చూడ్డానికి బాగాలేదని ఎవరో మళ్ళీ పైకెక్కించారు.

శుక్రవారం ఆరాధనలో జడ్సన్ ఆమె పక్కనే నిలబడేవాడు. పాట మధ్యలో అందరూ రెండు చేతులూ ఎత్తి స్తుతిస్తారు. ఆమె ఎడమ చెయ్యే ఎత్తేది. కుడిచేతిలో బైబిల్ ఉందిగా అనుకున్నాడు. ఇస్త్రీ చీర, బిగించి అల్లిన జడ. ఒంట్లో బాగాలేని మనిషిలా కనిపించలేదు.

"నన్ను ఇంటికి పంపించెయ్యరా" అంది ఒకరోజు.

"కొళాయి కోసం ఎవరైనా ఉద్యోగం మానేస్తారా?"

"నీ ప్యాంట్రీ బాగుంది నాయనా. నాకే అందట్లేదు."

"స్టూలు కొనిస్తాను."

"ఈ మోకాళ్ళతో స్టూలెక్కనా?"

అలిగిందనుకున్నాడు. టికెట్ తీసి ఇచ్చాడు.

నర్సాపురం చేరాక ఆమె ఎక్కువ కాలం బతకలేదు. రొమ్ములో గడ్డ చంకదాకా పాకిందనీ, అది ఇప్పటిది కాదనీ అక్కడి డాక్టర్లు చెప్పారు.

మిగిలిపోయిన సామాను కోసం జడ్సన్ అల్ సద్ గదికి వెళ్ళాడు. ఆమెతో కలిసి ఉన్న తెరెసా చీరలు మడతపెట్టి సంచిలో సర్దుతోంది.

"నీకు తెలుసా అక్కా?" అన్నాడు.

"తెలుసు. జబ్బని తెలిస్తే ఉద్యోగం తీసేస్తారని, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుంది. నీకైతే అసలే వద్దంది."

తెరెసా కిటికీ దగ్గరున్న దువ్వెన తీసి, పళ్ళలో చిక్కుకున్న నెరిసిన వెంట్రుకలు లాగకుండానే చీరల మీద పెట్టింది.

"కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు" అంది. "ఏడాదిగా జడ నేనే వేసేదాన్ని."