విమానం రేకు మీద నా పేరు

రాస్తున్నావా మనవడా? దిద్దకు, చెప్పింది చెప్పినట్టు రాయి.

మా నాన్న సముద్రం మీద వేటకి వెళ్లేవాడు. నేను పుట్టకముందు, యుద్ధం రోజుల్లో, మా ఊరి ఎదురుగా సముద్రంలో ఒక విమానం పడిందని పెద్దవాళ్లు చెప్పుకునేవారు. నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్న వల అక్కడ దేనికో పట్టుకుని చిరిగింది. లాగితే చేటంత రేకు వచ్చింది. ఒక మూల ఇంగ్లీషు అంకెలు గుద్ది ఉన్నాయి.

"వల పోయింది, విమానం ముక్క వచ్చింది. పులుసు పెట్టమంటావా?" అని అమ్మ దెప్పింది.

కానీ అది తేలిక, తుప్పు పట్టదు. అన్నం గిన్నె మీద మూత అయ్యి కూర్చుంది. నా పెళ్లికి మిగతా సామానుతో పాటు నరసాపురంలో అత్తారింటికి వచ్చింది.

అప్పట్లో పెళ్లిళ్లకి గిన్నెలు ఇంటింటికీ ఎరువు వెళ్లేవి. పేరు కొట్టించకపోతే మళ్లీ మనింటికి వస్తాయన్న నమ్మకం లేదు. ఒకసారి మా మూత పక్కింటికి వెళ్లింది. ఆవిడ అది తనదేనని పేచీ పెట్టింది. మా అత్తగారు వెళ్లి దాన్ని లాక్కొచ్చి నా ముందు పడేశారు.

"పుట్టింటి మూత ఒక్కటీ కాపాడుకోలేవేంటే? ఈ దిక్కుమాలిన అంకెలేగానీ, నీ పేరేదీ?"

మర్నాడే గిన్నెల కొట్టుకి పట్టుకెళ్లాను. పేర్లు చెక్కే ఆయన, "ఇక్కడేవో నెంబర్లున్నాయమ్మా, పక్కన కొట్టనా?" అని అడిగాడు. పాపం, అడిగాడు.

"పక్కన ఎందుకండి? అవి అరగదీసేసి అక్కడే పెద్దగా కొట్టండి" అన్నాను.

అది జరిగి అరవై ఏళ్లు దాటింది. మొన్న వానాకాలంలో ఇద్దరు వచ్చారు. ఒకాయన విమానాల మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, ఆయనతో కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి. సెలవుల్లో ఊళ్లు తిరిగి, యుద్ధంలో పోయిన విమానాలు ఎక్కడ పడ్డాయో వెతుకుతారట. జీతం లేదు, ఏం లేదు, అదో పిచ్చి.

"మామ్మగారూ, మీ నాన్నగారి వలకి ఓ రేకు తగిలిందని మీ ఊళ్లో చెప్పారండి" అంది ఆ అమ్మాయి. "ఈ తీరంలో పోయినవి చాలా ఉన్నాయి. ఇక్కడ పడింది ఏదో తెలియాలంటే నెంబరు కావాలండి. ఆ పోయినవాటిలో ఒకదాన్లో వెళ్లిన కుర్రాడి చెల్లెలు విదేశంలో ఇంకా ఉన్నారు. తొంభై దాటాయి. అన్నయ్య ఎక్కడ పడిపోయాడో చెప్పమని ఉత్తరాలు రాస్తూనే ఉంటారు."

వంటింట్లో అన్నం ఉడుకుతోంది. ఆవిరికి ఆ మూతే గిన్నె మీద టకటకమంటోంది. దాని మీద నా పేరు చూసి వీళ్లు ఏమనుకుంటారు? పోలీసులొస్తారా అని కూడా ఓ భయం.

"ఎప్పుడో పాత సామానువాడికి వేసేశామండి" అన్నాను.

వాళ్లు నమ్మారు. టీ తాగి, "మీరు ఓపిగ్గా మాట్లాడారండి" అని దణ్ణం పెట్టి మరీ వెళ్లారు. ఆ దణ్ణమే నన్ను పట్టుకుంది. వారం రోజులు అన్నం గిన్నె మీద పళ్లెం బోర్లించాను. ఆ మూత ముట్టుకోబుద్ధి కాలేదు. ఆ కుర్రాడి చెల్లెలు నాకంటే పదేళ్లు పెద్దది. పోస్టు వచ్చినప్పుడల్లా చూసుకుంటుంది కదా. చివరికి నీచేతే వాళ్లకి ఫోన్ చేయించాను.

వాళ్లు పరుగున వచ్చారు. నేను చీరకొంగుతో మూత తుడిచి ఇచ్చి, ఉన్నదంతా చెప్పేశాను. పెద్దాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. టార్చి ఏటవాలుగా పట్టి, భూతద్దంతో నా పేరులో గుడుల, కొమ్ముల సందుల్లో చాలాసేపు వెతికాడు.

"రెండు అంకెలు కనిపిస్తున్నాయండి. మూడోది మీ పేరు కింద పోయింది."

"రెండిటితో తెలీదా బాబూ?"

"ఈ అంకెలు రెండు విమానాలకి సరిపోతున్నాయండి. ఒకటి ఆ కుర్రాడిది. రెండోది వేరేవాళ్లది."

"మరి ఆవిడకి ఏం చెప్తారు?"

ఆ అమ్మాయి మెల్లగా, "ఫొటో పంపుతాం మామ్మగారూ. మీ అన్నయ్య విమానమే అయ్యుండొచ్చు అని రాస్తాం, అంతకంటే రాయలేం" అంది.

ఆ ఫొటో ఆవిడ చూస్తుంది. అంకెలు ఉండాల్సిన చోట ఈ వంకర టింకర అక్షరాలేంటని అడుగుతుంది. అందుకే ఇదంతా నీచేత రాయిస్తున్నాను. దీన్ని ఆవిడ భాషలోకి మార్చి ఫొటోతో పాటు పంపించమని ఆ అమ్మాయికి చెప్పు. అవి నా పేరు అని రాయి. చెక్కినాయన అడిగాడనీ, చెరిపెయ్యమన్నది నేనేననీ రాయి. మొదటిసారి వచ్చినప్పుడు అబద్ధం ఆడానని కూడా.

ఏం, ఆగావేం? అదీ రాయి.