దూది ఉపవాసం

ఖమ్మంలో నేను కిరాయికి ఉంటున్న వీధిలోకి పొద్దున్నే కూరగాయల బండి వస్తుంది. తడి గోనెపట్టా మీది కొత్తిమీర కట్ట తీసి ఒక్క కాడ తుంచానంటే చాలు, ఆ పచ్చి వాసనకు నేను మళ్లీ పదేళ్ల పిల్లనైపోయి, పెనుబల్లిలో మా పెంకుటింటి వసారాలో బోర్లా పడుకుని చెక్కపెట్టెలోకి తొంగిచూస్తుంటాను. కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయే నన్ను చూసి బండి అతను ఏమనుకుంటాడో అని సిగ్గుపడడం ఎప్పుడో మానేశాను.

ఆ పెట్టెలో దూది ఉండేది. పత్తి అమ్మడానికి ఖమ్మం వెళ్లిన నాన్న చేతిసంచిలో పెట్టుకుని తెచ్చిన తెల్ల కుందేలు. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు, అది కూర కిందే లెక్క. అడవి పల్లె నుంచి విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు నెత్తిన పెట్టుకుని అమ్మవచ్చే లచ్చమ్మ దాన్ని చూసినప్పుడల్లా "ఇంకెప్పుడు కోస్తరు?" అని నవ్వేది. "నీ కండ్లు దాని మీద పడనియ్యకు పో" అని నాయనమ్మ కసిరేది. పైకి ఆ జంతువంటే గిట్టనట్టే ఉండేది గానీ, ముల్లంగి ఆకులు, క్యారెట్ తోకలు ఆవిడ కొంగులోంచే పెట్టెలోకి చేరేవి.

ఆ ఏడు క్రిస్మస్ నెల వచ్చింది. వాకిట్లో కాగితపు నక్షత్రం వేలాడుతోంది, అరిసెలకు బియ్యం నానుతున్నాయి, పత్తి ఏరే ఆడవాళ్లు మఫ్లర్లు చుట్టుకుని ఆటోల్లో పాటలు పాడుకుంటూ పోతున్నారు. అప్పుడే దూది తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుని, రాని పిల్లల కోసం గూడు కట్టడం మొదలుపెట్టింది. తర్వాత మూత్రంలో నెత్తురు కనిపించింది. ఖమ్మంలో పశువుల డాక్టర్ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, తీసెయ్యకపోతే బతకదని చెప్పి, ఆపరేషన్‌కు రోజు చెప్పి పంపాడు.

ముందు రోజు సాయంత్రం నాయనమ్మ పెట్టెలోంచి గడ్డి, ఆకులు, చివరికి నీళ్ల గిన్నె కూడా తీసేసింది. అమ్మకు కడుపు ఆపరేషన్ అయినప్పుడు గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వలేదట. పైగా మా ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చినా ఉపవాస ప్రార్థన ఉండి తీరాల్సిందే. "ఆపరేషన్ అంటే ఉత్త కడుపే బిడ్డా. నేనూ ఉంట దానికి తోడు" అంది. తెల్లవారి చూస్తే దూది ఆకలికి పెట్టె అంచు కొరికి పొట్టు చేసింది.

ఖమ్మం దవాఖానాలో డాక్టర్ అడిగిందే తడవుగా నాయనమ్మ గొప్పగా చెప్పింది: "రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడ ముట్టనియ్యలే సారూ."

ఆయన తల పట్టుకున్నాడు. "ఏంది అవ్వా! మనిషికి గట్ల. దీని పేగు ఆగొద్దు, ఆగితే పానం పోతది. జల్దీ గడ్డి పెట్టుండ్రి."

అరవై దాటిన మా నాయనమ్మ దవాఖానా ఆవరణలో మోకాళ్ల మీద కూర్చుని, గోళ్లలోకి మట్టి దూరేలా గరిక పీకి పీకి దూది నోటికి అందించడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. అది మధ్యాహ్నం దాకా మెల్లగా మేసింది. ఆ తర్వాతే ఆపరేషన్ చేశారు.

సాయంత్రానికి ఇంటికి తెచ్చాం. కుట్లకు ఏదీ గుచ్చుకోకుండా అమ్మ ఉతికిన పాత చీర పరిచింది, వెచ్చదనానికి వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టింది. తినడం, పెంటికలు వేయడం, ఈ రెండూ చూసుకోమన్నాడు డాక్టర్. మర్నాడు మధ్యాహ్నానికీ ఏదీ లేకపోతే మళ్లీ తెమ్మన్నాడు.

మర్నాడు పొద్దున ఇంటినిండా అరిసెల పాకం వాసన, నువ్వుల వాసన. దూది మూలకు ముడుచుకుని కూర్చుంది. నాన్న సిరంజితో పట్టిన మెత్తటి మేత గడ్డం మీదుగా కారిపోయింది. నాయనమ్మ అరిసెలు వత్తుతోంది గానీ ముందు రోజు నుంచీ ఏమీ తినలేదు. ఉపవాసం నిన్ననే అయిపోయింది కదా తినమని అమ్మ బతిమాలితే "నేనే పస్తు పెట్టిన దాన్ని. అది తినేదాక నాకొద్దు" అంది. ఆకులు అమ్మవచ్చిన లచ్చమ్మ ఆ రోజు పరాచికాలాడలేదు. కట్ట దించి, వసారాలో చతికిలబడి, "తింటున్నదా?" అని మెల్లగా అడిగింది.

పచ్చడికని ఉంచిన కొత్తిమీర తెచ్చి, కాడ తుంచి దూది ముక్కు ముందు పట్టాను. మీసాలు కదిలాయి. ఒక ఆకు లోపలికి పోయింది, ఇంకొకటి, ఆ తర్వాత కాడ మొత్తం. కాసేపటికి చీర మీద మిరియపు గింజంత పెంటిక ఒకటి కనిపించింది. "ఏసింది!" అని నేను అరిచిన అరుపుకు అమ్మ పొయ్యి వదిలి పరుగెత్తుకొచ్చింది. నాయనమ్మ నూనె చేతులతోనే అరిసె విరిచి నోట్లో పెట్టుకుని, నమలలేక, ఏడ్చేసింది. సగం లచ్చమ్మ చేతిలో పెట్టింది.

దూది ఆ తర్వాత ఇంకో నాలుగు క్రిస్మస్‌లు చూసింది. ఇప్పుడు పెంకుల చోట స్లాబు వచ్చింది, విందుల్లో అడ్డాకులు పోయి కాగితపు ప్లేట్లు వచ్చాయి, లచ్చమ్మ రావడం మానేసింది. నాయనమ్మ పోయి మూడేళ్లవుతోంది. ఆవిడ కోసం నా మనసు ఎంత కొట్టుకుంటుందో ఎవరికీ చెప్పుకోలేదు.

పనుల హడావిడిలో ఒక్కోరోజు వండుకోకుండానే ఊరుకుంటాను. పెనుబల్లి నుంచి అమ్మ ఫోన్ చేసి తిన్నావా అంటే, అవ్ అంటాను, నమ్మేస్తుంది. నాయనమ్మ నమ్మేది కాదు. నా కంచం చూసేదాకా తన కంచం ముట్టేది కాదు.