ఆగి ఉన్న బండి కింద

ఈ హిందీ మాట్లాడే రైల్వే ఊళ్ళో, చరోదాలో, మా పక్కింటి డ్రైవరుగారు పోయారు. కబురు ఆయన కోడలు గోడ మీంచి చెప్పింది. "టీచరమ్మా, మామయ్య టీ తాగనేదు. లేపితే లెగనేదు."

పోయినవారిని గొప్ప చేసి రాయడం నాకు ఇష్టం లేదు. ఆయన ముక్కోపి. ఎవరింటి కూరా ఆయనకు నచ్చేది కాదు. విజయనగరం వైపు నుంచి బొగ్గింజను మీద ఫైర్‌మన్‌గా వచ్చి, డీజిలు, కరెంటు ఇంజన్లు కూడా నడిపి రిటైరయ్యారు. ఇక్కడికి ముందు పట్టాలు వచ్చాయి, తర్వాత ఉక్కు కర్మాగారం, ఆ తర్వాతే మేమంతా. ఆ సంగతి ఆయన మమ్మల్ని మరచిపోనిచ్చేవారు కాదు.

మా కాలనీకీ బజారుకీ మధ్య రైల్వే యార్డు ఉంది. వంతెన దూరం. అందుకని ఆగి ఉన్న గూడ్సు బండి కింద దూరి దాటడం అందరికీ అలవాటు. డ్రైవరుగారు రోజూ సాయంత్రం కంచె సందు దగ్గర నిలబడి, దూరబోయేవారిని తిట్టేవారు.

"బొగ్గింజను కుక్కండీ, ముందే అరిచీది. ఇప్పటిది పిల్లి" అనేవారు నాతో. అవతలి కొసన ఇంజను తగిలిస్తే ఇక్కడికి కనబడదు. పెట్టెల కింద బ్రేకు గొట్టాల్లోకి గాలి ఎక్కుతున్న సన్నటి బుస మాత్రం వినిపిస్తుంది. "బుస ఇనబడితే బండి ఆగినట్టు కాదు" అని మా మనవరాలికి ఆయనే నేర్పారు.

"తాతా, ఆప్ గార్డా? జెండా ఏదీ?" అనేది అది.

"జెండా ఎందుకే? నీ జడ ఊపుతాను, రా!"

ఎందుకింత పట్టుదల అని ఒకసారి అడిగాను. "ఓపాలి బండి లాగినాను. కింద మనిషున్నాడని తర్వాత సెప్పినారు. నా సేతికేటీ తెలీనేదండి" అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పెద్దకర్మ నాడు భోజనాలకు పెరుగు తక్కువైంది. మనవరాలిని బజారుకు పంపాను. ఎంతకీ రాకపోతే సందు దగ్గరికి వెళ్ళాను. బండికి అవతల పిల్ల కాళ్ళు కనిపించాయి. పెరుగు క్యాను కింద పెట్టి, వంగి, తల లోపలికి పెట్టింది. అప్పుడే బుస వినిపించింది.

"గాలెక్కుతోందే! వెనక్కి పో!"

క్యాను దొర్లింది. పెట్టెలు ఒకదాన్నొకటి గుంజుకుంటూ కదిలాయి. చక్రాల మధ్య నుంచి ఏమీ తెలియలేదు. చివరి పెట్టె దాటేదాకా నేను దాని పేరు పిలుస్తూనే ఉన్నాను.

అది అక్కడే నిలబడి ఉంది.

"అంత చిల్లాయించాలా మామ్మా? పెరుగంతా పోయింది" అంది. పట్టాలు దాటి వచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

దాని వెనక, దూరపు పట్టాల మీదికి ఇంకో బొగ్గు బండి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. ఆయన కర్మ భోజనానికి వస్తున్న బంధువులు దానికి అవతల ఉన్నారు. చక్రాల మధ్య నుంచి ఉతికిన పంచెలు, చీర కుచ్చెళ్ళు కనిపించాయి. నా గొంతు అంతదూరం వెళ్ళదు. ముందు ఒక చెయ్యి నేలకు ఆనింది. తర్వాత ఒక తల వంగింది.