గంటకో చుక్క, గంటకో మనిషి

2019 చివర్లో, పత్తి సీజన్ మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో జరిగిందిది. అప్పటికే ఆదోనిలోని ఒక కంటి ఆసుపత్రిలో నేను వార్డు సిస్టర్‌ని. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. ఆ నెలల్లో మార్కెట్ యార్డుకు వచ్చే పత్తి బండ్లతో రోడ్లు నిండిపోతాయి. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లుల మీదుగా నడిచి వస్తే తల మీద దూది పీచు లేకుండా ఇంటికి చేరలేం. ఊరికి అది డబ్బు సీజనైతే మాకు గాయాల సీజన్. పత్తి తీయడానికి వంగిన వాళ్ల కంటికి ఎండిన కాయ మొన తగులుతుంది. మిల్లులో పనిచేసేవాళ్ల కళ్లలో పొట్టు పడుతుంది. కంది కొట్టేచోట పుల్ల ఎగిరి తగులుతుంది.

నా గురించి ఒక మాట ముందే చెప్పాలి. నాకు కోపం త్వరగా వస్తుంది, ముఖ్యంగా మందు చుక్కల విషయంలో. మాది మంత్రాలయం దగ్గర గుడి కొలువు చేసుకునే కుటుంబం. నాన్న తీర్థం ఇచ్చేటప్పుడు ఒక్క బొట్టు కింద పడనిచ్చేవాడు కాదు. ఎవరైనా చెయ్యి సరిగా పట్టకపోతే ఎంతటివాళ్లనైనా కసిరేవాడు. ఆయన భక్తి మా తమ్ముడికి వచ్చింది, కసురు నాకు వచ్చింది.

రూతమ్మను ఆమె భర్త యేసోబు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. దేవనకొండ వైపు పల్లె వాళ్లది, ఇద్దరూ కూలి పని చేసుకునేవాళ్లు. ఆమె కొంగు మడతపెట్టి కళ్లకు అదిమి పట్టుకుంది, వెలుతురు తగిలితే ఓర్చుకోలేకపోతోంది. కొంగు తీయించి చూస్తే నాకు ముందు కనిపించింది గాయం తగలని ఎడమ కన్ను. చిన్నప్పుడు తట్టు పోసి ఆ కంట్లో పువ్వు వేసిందట. నల్లగుడ్డు మీద తెల్లగా కమ్ముకున్న మచ్చను మా వైపు పువ్వు అంటారు. ఆ కంటికి వెలుగూ చీకటీ తప్ప మరేమీ తెలియదు. దెబ్బ తగిలింది మిగిలిన ఆ ఒక్క కుడి కంటికే.

"ఎప్పుడు తగిలింది?" అని అడిగాను.

"పోయిన వారం సిస్టర్. పత్తి తీస్తాంటే ఎండిన కాయ డొక్క కొట్టుకునింది. ఎర్రగైతే సుక్కలేసినాము. రోంత తగ్గినట్లయింది. మల్లా ఎక్కువైంది," అన్నాడు యేసోబు.

"ఏం చుక్కలు?"

అతను జేబులోంచి చిన్న సీసా తీశాడు. చీటీ చెరిగిపోయినా చూడగానే గుర్తుపట్టాను. "మా అమ్మకు శుక్లం ఆపరేషన్ సేసినప్పుడు ఇచ్చినారు. శానా మంచి మందు సిస్టర్. మా అమ్మకు దీంతోనే కండ్లు కనపడినాయి. మా ఊర్లో ఎవరికి కన్ను ఎర్రగైనా ఇదే అడిగి తీసుకుపోతారు."

నాకు తల పట్టుకోవాలనిపించింది. శుక్లం ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటుంది. ఆపరేషన్ వాపును తగ్గించడానికి అది మంచిదే. కానీ ఆకో, పుల్లో, కాయో తగిలిన గాయంలో బూజు చేరుతుంది. స్టెరాయిడ్ పడితే శరీరం ఆ బూజుతో పోరాడటం మానేస్తుంది. ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనిషి మందు పనిచేసిందనుకుంటాడు. లోపల బూజు మాత్రం హాయిగా పాకుతూ ఉంటుంది. అత్త కంటికి మేలు చేసిన మందే కోడలి కన్ను తినేస్తోంది.

డాక్టరమ్మ రూతమ్మను స్లిట్ ల్యాంప్ ముందు కూర్చోబెట్టింది. సన్నని వెలుగు గీతతో కంటిని పొరపొరగా చూపించే యంత్రం అది. కార్నియా మీద, అంటే నల్లగుడ్డుపై అద్దంలా ఉండే పొర మీద, బూడిదరంగు పుండు కనిపించింది. అంచులు నీళ్లలో పడ్డ సిరా మరకలా చీలికలుగా పాకుతున్నాయి. లోపల అడుగున చీము గీత కట్టింది. తిమ్మిరి చుక్కలు వేసి పుండును కొద్దిగా గీకి, దాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టారు. దీన్ని స్క్రేపింగ్ అంటాం. డాక్టరమ్మ చూసి లేచి, నన్ను చూడమంది.

ఇన్నేళ్లలో చాలాసార్లు చూశాను. అయినా ప్రతిసారీ ఇంకోసారి వంగి చూస్తాను. తెల్లటి వెలుగులో కొమ్మలు కొమ్మలుగా దారాలు, అచ్చం దూది పీచులా. చేలో పుట్టిన బూజు మనిషి కంట్లో ఇల్లు కట్టుకుంది. ఆ కార్నియా కూడా ఎంత వింతదంటే, దానిలో ఒక్క రక్తనాళం ఉండదు. ఉంటే చూపుకు అడ్డమవుతుంది కదా. అందుకని ఒంట్లో ఇంకే పొరా చేయని పని చేస్తుంది, కన్నీటి తడిలోంచి గాలిని తీసుకుని బతుకుతుంది. రక్తం రాదు కాబట్టే మాత్రలు మింగితే మందు అక్కడికి సరిగా అందదు. పైనుంచి చుక్కలు చుక్కలుగా, మళ్లీ మళ్లీ పోయాల్సిందే.

డాక్టరమ్మ యేసోబును పక్కకు పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నటామైసిన్ అనే మందు గంటకోసారి వేయాలి, రాత్రి కూడా. ఇది వారాల పని. పుండు ఆగకపోతే కార్నియాకు చిల్లు పడుతుంది. అప్పుడు వేరేవాళ్ల కార్నియా అతికించడానికి హైదరాబాదు పంపాలి, అది నిలుస్తుందో లేదో చెప్పలేం. ఈ కన్ను పోతే రూతమ్మకు ఇంక చూపు లేదు.

వార్డులో మేమే వేశాం. రూతమ్మ చుక్క పడ్డప్పుడల్లా పిడికిళ్లు బిగించేది. కొన్నాళ్లకు పుండు పాకడం ఆగింది, అంతకన్నా ఏమీ కాలేదు. ఒకరోజు పొద్దున ఆమె నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"మేము ఇంటికి పోతాము సిస్టర్. అత్త మంచంలో ఉంది. నాకు తోడని ఆయన ఈడుంటే, ఆడ ఆయమ్మకు ముద్ద పెట్టే దిక్కు లేదు."

డాక్టరమ్మ ఆలోచించి, ఇంటి దగ్గర కూడా పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి తప్పకుండా వేసేవాళ్లుంటే పంపుదామంది. నేను ఒప్పుకోలేదు. పత్తి రోజుల్లో పల్లెలో పగలు మనిషి దొరకడు. యేసోబు కూలికి పోకపోతే పొయ్యి వెలగదు. ఇక రూతమ్మ తనకు తానే వేసుకుంటే సగం మందు చెంప మీద పడుతుంది.

"ఎవరు వేస్తారయ్యా గంటగంటకీ?" అని గట్టిగానే అడిగాను.

"మా సంఘముంది సిస్టర్. గొలుసు ప్రార్థన పెట్టుకుంటాము."

"నేనడిగేది ప్రార్థన కాదు, చుక్కలు. ప్రార్థన కాస్త ఆలస్యమైనా దేవుడు ఏమీ అనుకోడు. ఈ మందు ఆలస్యమైతే కన్ను ఊరుకోదు."

అతను నొచ్చుకోలేదు. "గొలుసు తెగేది ఉండదు సిస్టర్," అన్నాడు నెమ్మదిగా.

చేసేదిలేక అతన్ని ఎదురుగా నిలబెట్టి చుక్కలు వేసే పద్ధతి అప్పజెప్పించుకున్నాను. "ముందు సబ్బుతో చేతులు. సీసా బాగా ఊపు, మందు అడుగున సున్నంలా పేరుకుంటుంది. కింది రెప్ప లాగి ఒక్క చుక్క. సీసా మొన రెప్పకు తగిలిందంటే ఆ సీసా పారేయ్. మూత మట్టిలో పెట్టినావని తెలిస్తే నేను ఊరుకోను." అతను తప్పు చెప్పినప్పుడల్లా మొదటి నుంచి చెప్పించాను. క్యాంటీన్ దగ్గరివాళ్లు కూడా తిరిగి చూశారు. పాత సీసా మాత్రం నా దగ్గరే ఉంచేసుకున్నాను.

వాళ్లు వెళ్లాక నాకు మనసులో ఒకటే దిగులు. వారానికి చూపించుకోవడానికి వచ్చినప్పుడు నేనే ముందుకెళ్లి ఆమె కళ్ల మీది కొంగు తీయించాను. డాక్టరమ్మ స్లిట్ ల్యాంప్‌లో చాలాసేపు చూసింది. తర్వాత లేచి, నన్ను కూర్చోమంది. పుండు అంచుల్లో ఆ చీలికలు లేవు. చీము గీత సన్నబడింది. కొత్త పొర చుట్టూతా నుంచి మెల్లగా లోపలికి జరుగుతోంది. ఆసుపత్రిలో మేం చేయలేనిది ఆ పల్లెలో జరిగింది.

"ఎవరేస్తున్నారు?" అన్నాను.

"అందరూ," అంది రూతమ్మ.

ఆ మాటతో నాకు తృప్తి కలగలేదు. అదే వారంలో దేవనకొండ వైపు ఒక బడిలో కంటి పరీక్షల క్యాంపుకు వెళ్లాం. మధ్యాహ్నానికి పని అయిపోయింది. ఆటో మాట్లాడుకుని వాళ్ల ఊరికి పోయాను.

రూతమ్మ ఇంటి పక్కనే రేకుల కప్పున్న చిన్న చర్చి. ఇంట్లో ముసలామెకు ఇబ్బంది కాకుండా రూతమ్మను పగలు ఇక్కడ చాప మీద పడుకోబెడుతున్నారు. గుమ్మం బయట నీళ్ల బిందె, కొబ్బరి చిప్పలో సబ్బు. నేను ఇంకా ఆటో దిగుతుండగానే చేల వైపు నుంచి ఒకామె వడివడిగా వచ్చింది. పత్తి తీసేవాళ్లు నడుముకు కట్టుకునే ఒడి ఇంకా విప్పలేదు, దాని నిండా పత్తి ఉంది. చెప్పులు విడిచి, బిందె దగ్గర వంగి, పాట పాడినట్టు పైకి చెప్పుకోవడం మొదలుపెట్టింది.

"ముందు సబ్బుతో సేతులు." కడుక్కుంది. లోపలికి పోయి, అంతదాకా రూతమ్మ దగ్గర కూర్చున్నామె చేతిలోంచి సీసా అందుకుంది. "సీసా బాగా ఊపు, మందు అడుగున సున్నం మాదిరి పేరుకుంటాది." ఊపింది. "కింది రెప్ప లాగి ఒక్క సుక్క." వేసింది. "మొన రెప్పకు తగిలిందంటే ఆ సీసా పారేయ్." మూత బిగించింది. "మూత మట్టిలో పెట్టినావని తెలిస్తే నేను ఊరుకోను."

ఆ తర్వాత రూతమ్మ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కళ్లు మూసుకుని ప్రార్థించింది.

నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. నా తిట్లు. ఒక్క మాట కూడా పోకుండా, నా కోపంతో సహా, ఆ ఊరు బట్టీపట్టింది. నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి.

ఆమె యేసోబు చెల్లెలు ఎస్తేరమ్మ. ప్రార్థన ముగిశాక నా నర్సు బట్టలు చూసి గుర్తుపట్టి నన్ను కూర్చోబెట్టింది. గొలుసు ప్రార్థన అంటే ఏమిటో ఆమె చెప్పింది. ఎవరికైనా కష్టమొస్తే రాత్రీ పగలూ గంటలుగా పంచుకుంటారు. ఒక్కో ఇంటికి ఒక్కో గంట. "ఒకరు వచ్చిందాకా ఇంకొకరు లేసిపోకూడదు సిస్టర్. అది మా కట్టడి. ఈసారి ప్రార్థనతో పాటు సీసా కూడా సేతులు మారుతాంది, అంతే."

"మరి రాత్రి?"

"రాత్రికి మొగోల్లు. యార్డుకు పత్తి తోలి వచ్చినోల్లు కూడా వాల్ల గంటకు వస్తారు."

తర్వాతి గంటకు వచ్చినామె నుదుట పెద్ద కుంకుమ బొట్టు ఉంది. నేను ఎస్తేరమ్మ వైపు చూశాను. "ఆయమ్మ మా సంఘం కాదు. పక్క సేనామె. నాకూ ఒక గంట ఇయ్యండి అనింది, ఇచ్చినాము. ఆయమ్మ దేవున్ని ఆయమ్మ తలుసుకుంటాది."

ఆమెను అడిగి ఆ గంట నేను తీసుకున్నాను. నా జీవితంలో వేసిన చుక్కలకు లెక్కలేదు, కానీ చేతులు అంత శ్రద్ధగా ఎప్పుడూ కడుక్కోలేదు. వేశాక ఏం చేయాలో తోచలేదు. "రోంతసేపు కండ్లు మూసుకో సిస్టర్," అంది ఎస్తేరమ్మ. మూసుకున్నాను. బొట్టు కింద పడనివ్వని నాన్న చెయ్యి గుర్తొచ్చింది. తరువాతి మనిషి వచ్చేదాకా నేను లేవలేదు.

కన్ను మానడానికి ఇంకా వారాలు పట్టింది. మచ్చ మిగిలింది, అయితే కంటిపాపకు నడిమధ్యన కాకుండా ఒక పక్కకు. కొత్త ఏడాదిలో అద్దాల కోసం వచ్చినప్పుడు రూతమ్మను పరీక్ష బోర్డు ముందు కూర్చోబెట్టాం. చదువు రానివాళ్లకు గుర్తులు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపమంటాం. ఆమె వరుస తర్వాత వరుస చూపిస్తూ నేను ఆశ పెట్టుకున్న చోటు దాటి కిందికి దిగింది. తర్వాత బోర్డు వదిలి నా వైపు తిరిగి తేరిపార చూసింది.

"నువ్వేనా సిస్టర్ అంటే? గొంతు ఇని యంత పెద్దమనిషో అనుకుంటి. ఇంతే ఉండావే."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నేను అద్దాల పెట్టె సర్దుతున్నట్టు తల వంచుకున్నాను.

అప్పుడు యేసోబు భుజం మీది గుడ్డసంచి దించి నా బల్ల మీద బోర్లించాడు. పాత చుక్కల సీసాలు. సగం వాడినవి, గడ్డకట్టినవి, చీటీలు లేనివి, బల్ల నిండా దొర్లాయి. "ఊర్లో ఇండ్లన్నీ తిరిగి తెచ్చినాము సిస్టర్. ఇంక ఎవరి సుక్కలు వాల్లవే." ఒకరి సీసా మరొకరికి ఇవ్వకుండా ఉండలేని ఊరది. రూతమ్మ కన్ను పాడైంది ఆ అలవాటుతోనే. అది నిలబడిందీ ఆ అలవాటుతోనే, చేతులు కడుక్కున్నాక.

అంతకుముందు ఎవరినైనా ఇంటికి పంపేటప్పుడు, చుక్కలు వేయడానికి ఇంట్లో ఎవరున్నారని అడిగేదాన్ని. ఎవరూ లేరంటే ఇక మాట్లాడటానికి ఏమీ ఉండేది కాదు. ఇప్పుడు మీ ఊర్లో ఎవరెవరున్నారని అడుగుతున్నాను. చాలామంది ముందు అర్థంకాక చూస్తారు. కాసేపు ఆలోచించి, ఒక్కొక్క పేరే చెప్పడం మొదలుపెడతారు.