మిద్దె మీద చెనక్కాయలు

నేను తినే సంగటి మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

హిందూపురం బస్టాండులో ఉడకబెట్టిన చెనక్కాయల వాసన తగిలితే చాలు, పెనుకొండలోని మా పాత మట్టిమిద్దె గుర్తొస్తుంది. వానొస్తే అది సరిగ్గా అవ్వ మంచం మీదే కారేది. "ఇంకోసారి కారితే ధర్మవరంలో కూతురింటికి పోతా" అంది అవ్వ. ఆమె పోతే నాకు కథలు బంద్.

నీళ్లు దిగకుండా మిద్దె మీద చౌడుమట్టి పరవాలి. దానికోసం చెరువు దాకా పోవడానికి బద్ధకించి, నాయన చెనక్కాయలు పండే మా చేని మట్టే తెచ్చి పరిచాడు. మళ్లీ వానొచ్చింది, మళ్లీ కారింది. పైగా మిద్దెంతా చెనక్కాయ మొక్కలు మొలిచాయి. నాయన ఆ మట్టి తెచ్చింది అందుకేననుకుని నేను మురిసిపోయాను.

"ఏమప్పా, చౌడు ఎయ్యమంటే సేద్యం చేస్తాండావా?" అంది అవ్వ, చేతిలో బట్టల మూటతో.

"వేర్లు పట్టుకుంటే కారదులేమ్మా" అన్నాడు నాయన, మొహం తిప్పుకుని.

అవ్వ పైకి చూసింది. మూట దించి, మంచం పక్కకు జరుపుకుంది. "కాయలు పీకినాంక పోతాలే. ఈడ కాకుల్ని తోలేదెవరు?"

ఆ ఏడు మా మిద్దె మీద మూడు బస్తాలు పండాయి.

సరే, బస్తాలన్నది నా కల్పన. పండింది దోసెడే. అవ్వ ఆగిపోవడానికి ఆ దోసెడు చాలింది.